రంది, మనాది, ఒక ఫోన్ నంబరు

అన్న నన్ను అడిగింది వేరే. "చింతకి తెలుగు మాటలు ఒక పట్టిక రాసి పంపు, మన పిల్లలకు పనికొస్తది" అన్నడు. జొన్నరొట్టె గురించి పెద్దమ్మ చెప్పింది ఇదివరకే ఇక్కడ పెట్టినం, పాత ఇంటి గురించి కాక రాసిండు, తాత కాలం నాటి ఉర్దూ కాగితాల ఫోటోలు అన్న పెట్టిండు. నా వంతుకు మాటలు వచ్చినయి. సరే అని మొదలుపెట్టిన. రంది. మనాది. గాబరా. పరేషాను. బేజారు. అయిదు మాటలు రాసినంక చూస్తే అన్నీ మనసు బాగలేనప్పుడు అనే మాటలే. (ఊరి పేరులోనే చింత ఉన్నది, ఇంకేం వస్తయి అని నవ్వకండి. మనది చింతచెట్టు చింత అనే తాత చెప్పేటోడు.)

ఆ అయిదు మాటల దగ్గరనే ఆగిపోయిన. నిరుడు జరిగిన ఒక సంగతి నన్ను అక్కడినుంచి ముందుకు కదలనియ్యలేదు. పట్టిక తరువాత పంపుత అన్నా, ముందు ఇది వెయ్యి.

ఇది మన ఇంటి ఆడపిల్ల ఒకతె సంగతి. ఎవరి బిడ్డ అని చెప్పను. ఈ బ్లాగు చదివేది అంతా మన చుట్టాలే, చదువుకుంటనే వేళ్ళ మీద లెక్కపెడ్తరని నాకు తెలుసు. లెక్కపెట్టకండి. పదిహేనుకు ఇరవైకి నడుమ ఉన్న ఆడపిల్లలు ఊర్లో, బీదర్‌లో, హైదరాబాదులో కలిపి మనకు తొమ్మిది మంది ఉన్నరు. వరుస కూడా చెప్పను. పిల్లలందరు నన్ను అక్కా అనే పిలుస్తరు, ఇక్కడ కూడా అక్కనే. రాసే ముందు ఆ పిల్లను అడిగిన. రాయి అన్నది.

ఆ పిల్ల బీదర్‌లో హాస్టల్‌లో ఉండి పీయూసీ సైన్సు చదువుతున్నది. దానితోపాటు నీట్ కోచింగు. నిరుడు దసరాకు ఇంటికి వచ్చింది, నేను కూడా బెంగళూరు నుంచి వచ్చిన. జమ్మి ఆకు ఇచ్చేటప్పుడు చెయ్యి చాపింది గాని మొఖం ఎత్తలేదు. పండుగనాడు రెండు ముద్దలు తిని లేచింది. వాళ్ళ అమ్మ "హాస్టల్ తిండికి దీని కడుపు చిన్నగైంది" అన్నది. నేను పక్కకు పిలిచి ఏమైందని అడిగితే "ఏం లేదక్కా, సుమ్నె" అన్నది. మన ఇండ్లల్లో సుమ్నె అంటే ఏమీ లేదని కాదు, ఇక అడగొద్దని.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఏదన్నా తెగకపోతే దానికి ఒక యాప్ ఉంటదని నమ్మే మనిషిని. ఆ రాత్రే వెతికి, ఆడపిల్లలకు మనసు విప్పి మాట్లాడే యాప్ అని రాసి ఉన్నదొకటి వాళ్ళ ఇంటి ఫోన్‌లో వేసిచ్చిన. యాప్ పేరు రాయను. మంచి రేటింగు ఉంది, రంగులు బాగున్నయి, తెలుగు కన్నడ రెండూ ఉన్నయని రాసింది. నా పని అయిపోయింది అనుకుని బెంగళూరు రైలు ఎక్కిన.

తరువాత ఏమైందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదలు పద్దెనిమిది నిండినయా అని అడిగింది. నిండలేదు, అయినా టిక్కు పెట్టింది. ఓటీపీ వాళ్ళ నాయిన నంబరుకు పోయింది. పరీక్షదని చెప్పి తీసుకున్నది. అప్పటికే రెండు అబద్ధాలు ఆడింది, ఇంకా ఒక్క మాట మనసులోది చెప్పలేదు. ఇక భాష. ఆ పిల్లకు తెలుగు మాట్లాడుడే వస్తది, తెలుగు అక్షరం రాదు. బడి అంతా కన్నడ. అందుకని తెలుగు మాటలనే కన్నడ అక్షరాలతో కొట్టింది, మనం ఇంట్లో మెసేజీలు పెట్టుకున్నట్టే. అవతల ఉన్నది మనిషి కాదు, మిషను. అక్షరాలు చూసి కన్నడ అనుకున్నది, మాటలు చూస్తే కన్నడ కాదు. "అర్థవాగలిల్ల, దయవిట్టు మత్తొమ్మె హేళి" అని జవాబిచ్చింది. అర్థం కాలేదు, దయచేసి ఇంకోసారి చెప్పు. ఆ పిల్ల ఇంకోసారి చెప్పింది. మళ్ళీ అదే జవాబు.

జీవితంలో మొదటిసారి ఆ పిల్ల ఎవరికో నాకు బాగలేదు అని చెప్పుకున్నది. దానికి వచ్చిన సమాధానం అర్థవాగలిల్ల.

మూడో రోజు సాయంత్రం ఫోను వాళ్ళ తమ్ముడి చేతిలో ఉన్నది, క్రికెట్ చూస్తున్నడు. మీద ఒక నోటిఫికేషన్ వచ్చింది: ఈరోజు నీ మనసు ఎలా ఉంది? వాడు నడిమింట్లో పెద్దగా చదివిండు. అందరు నవ్విండ్రు. వాళ్ళ నాయిన కూడా నవ్విండు, చెడ్డగా కాదు, తమాషాకు. రాత్రికి ఆ పిల్ల యాప్ తీసేసింది.

పదేండ్ల నుంచి తప్పులు పట్టుడే నా పని. బటన్ రెండు సార్లు నొక్కితే ఏమైతది, నెట్టు పోతే ఏమైతది, ఫోను పడిపోతే ఏమైతది అని వందల టెస్ట్ కేసులు రాసిన. ఫోను తమ్ముడి చేతిలో ఉంటే ఏమైతది అని ఒక్కటి కూడా రాయలేదు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాను వాడుకునే ఫోను తనకున్నది అన్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 54 శాతం. అంటే సగానికి కొంచెం ఎక్కువ. మిగిలినోళ్ళకు ఫోనంటే ఇంటి ఫోను, నడిమింట్లో మంచం మీద పడి ఉండేది. ఆన్‌లైన్ అన్న మాటలోనే ఒక గది, ఒక తలుపు, ఒక సొంత ఫోను ఉన్నయని అనుకునేటోళ్ళు ఆ యాప్‌లు కడ్తరు. నేను కూడా అట్లాంటోళ్ళతోనే కూర్చుని పని చేస్తున్న.

కన్నడ అక్షరాల తెలుగు అంటే బయట పెరిగిన పిల్లలకు వింతగా ఉంటదేమో, అందుకని కొంచెం చెప్త. 1956 నవంబరు 1 దాకా మనది హైదరాబాదు రాష్ట్రం, బీదర్ జిల్లా. ఆ రోజు జిల్లాను మూడు ముక్కలు చేసిండ్రు. నారాయణఖేడ్, జహీరాబాద్ దిక్కు ఆంధ్రప్రదేశ్‌కు పోయి మెదక్ జిల్లాలో కలిసినయి. ఉద్గీర్, నిలంగా దిక్కు బొంబాయికి పోయినయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, మన ఔరాద్ మైసూరు రాష్ట్రానికి వచ్చినయి. మనం ఎక్కడికీ కదలలేదు, గీత మన పొలాల అవతల పడ్డది. ఇంట్లో మాట తెలుగే ఉండిపోయింది, బడి కన్నడ అయింది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఇరవై రెండేండ్లకు, నారాయణఖేడ్ బస్సు బోర్డులు చూసి, సినిమా పోస్టర్లు చూసి. ఇప్పటికీ ఒత్తులు తప్పు పోతయి, అన్న దిద్దుతడు. మన పిల్లల్లో చాలామందికి అంత కూడా రాదు. వాళ్ళ ఏడుపు తెలుగు, వాళ్ళ రాత కన్నడ. రాసి చెప్పుకోమంటే రెండిట్లో ఏదీ పూర్తిగా వాళ్ళది కాదు.

దీపావళి పోయి కార్తీకం నడుస్తున్నప్పుడు జరమొచ్చి ఆ పిల్ల మళ్ళీ ఇంటికి వచ్చింది. ఒక రాత్రి రెండు గంటలకు నాకు మెసేజ్ పెట్టింది. నాకు ఆ రాత్రి ఆఫీసులో రిలీజు ఉండె, ఫోను సైలెంటులో పెట్టి పొద్దుమీకి పడుకున్న. లేచి చూసేసరికి ఎనిమిది. కన్నడ అక్షరాలు, మన మాట. "అక్కా, నేను లేకుంటే ఇంట్లో ఖర్చు తగ్గుతది కదా."

ఆరు గంటలు. ఆ ఆరు గంటల మాట ఇక రాయను.

ఆ మెసేజు చూడగానే నాకు యాదికొచ్చింది 2019 ఏప్రిల్. తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ 18వ తారీఖున వచ్చినయి. మార్కుల లెక్క సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పోయినయి. రాసినోళ్ళకు రాయలేదని పడింది. తెలుగు పేపర్‌లో సున్నా పడిన ఒక పిల్లకు మళ్ళీ దిద్ది చూస్తే 99 వచ్చినయి. ఆ పిల్ల అడిగింది, దిద్దించుకున్నది. కాని ఆ కొన్ని దినాల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నరు. సర్కారు వేసిన ముగ్గురి కమిటీ సాఫ్ట్‌వేర్‌లో, పనిలో లోపాలు ఉన్నయని చెప్పింది. మా ఆఫీసులో అప్పుడు టెస్టర్లందరం క్యాంటీన్‌లో కూర్చుని ఇది ఏ దశలో పట్టాల్సింది, ఎవరు సంతకం పెట్టిండ్రు అని మాట్లాడుకున్నం. తప్పు ఎట్ల వచ్చిందనే మాట్లాడినం. ఫెయిల్ అని చూసుకున్న పిల్ల ఆ రాత్రి ఎవరితో మాట్లాడాలె అన్నది మాలో ఎవరి నోట రాలేదు.

ఫోను చేసిన. వాళ్ళ అమ్మ ఎత్తింది. "బిడ్డ లేచిందా?" "లేచింది, చాయ్ తాగుతున్నది." నా కాళ్ళల్లో పాణం వచ్చింది. పిల్లకు ఇయ్యమన్న. ఇంత దూరం నుంచి ఏమడగాలె? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తనేమో అని భయం. ఈ భయం మీకు కూడా ఉంటది కాబట్టి చెప్తున్న: అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, సూటిగా అడిగితేనే మంచిదని ఈ పని తెలిసిన డాక్టర్లందరు చెప్పేది. అడిగిన. "చచ్చిపోవాలె అనిపిస్తున్నదా బిడ్డా?" చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "అప్పుడప్పుడు" అన్నది. అప్పటిదాకా నా నుంచి దాచిన మాట ఒక్క ప్రశ్నకు బయటికి వచ్చింది. ఇన్ని దినాలు అది అడగడానికే నేను యాప్ వెనుక దాక్కున్న.

అప్పుడు వాళ్ళ అమ్మకు చెప్పక తప్పలేదు. చెప్పొద్దక్కా అని పిల్ల ఏడ్చింది. అన్నీ చెప్పను, నువ్వు ఒంటరిగా ఉండొద్దు అన్నంత వరకే చెప్త అని మాట ఇచ్చి చెప్పిన. ఆమె మొదలు దిష్టి అన్నది, తరువాత ఇంకేదో అన్నది, తరువాత గొంతు తగ్గించి "మనాది పెట్టుకున్నదా?" అని అడిగింది. మా అవ్వ చెల్లెలు ఒకామె పెండ్లయినంక మనాదితోనే మంచం పట్టిందని, ఎవరు పట్టించుకోలేదని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఆ సంగతి నేను వినలేదు. వాళ్ళ నాయిన మాత్రం ఒక్కటే అడిగిండు: "ఫోను చేస్తే పోలీసులకు తెలుస్తదా?" తెలియదని, ఇట్లాంటి బాధలో ఉన్న మనిషికి శిక్ష కాదు సాయం చెయ్యాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తదని చెప్పిన. ఆయన సరే అన్నడు. మా ఇంట్లో మగవాళ్ళు అంతకంటే ఎక్కువ మాట్లాడరు, మీకు తెలిసిందే.

నంబరు 14416. టెలీ మానస్ అంటరు. 2022 అక్టోబరు 10న మొదలైంది, కేంద్ర సర్కారుది. బెంగళూరు నిమ్హాన్స్ దానికి పెద్దదిక్కు, సాంకేతిక పని బెంగళూరు ట్రిపుల్ ఐటీది. ఇరవై నాలుగు గంటలు, పైస ఖర్చు లేదు, ఇరవై భాషల్లో మాట్లాడుతరు. 2025లోనే 20 లక్షల కాల్స్ దాటినయి. 2024 అక్టోబరులో యాప్ కూడా తెచ్చిండ్రు, నేను మాత్రం ఈసారి యాప్ మాట ఎత్తలేదు. వట్టి బటన్ల ఫోను నుంచి కూడా కలిసేదే కావాలె అనుకున్న.

ఫోను దొరికింది, నంబరు దొరికింది, ఇక చోటు కావాలె. మన ఇండ్లు మీకు తెలుసు. నడిమింట్లో గుసగుసలాడినా వంటింట్లో వినపడుతది. రాసే చాట్ అయితే చప్పుడు ఉండదు, అది నిజంగ మంచి గుణమే. హైదరాబాదులో సొంత గది ఉన్న మన పిల్ల ఒకతె కాలేజీ కౌన్సిలరుతో చాట్‌లోనే మాట్లాడుతది, ఆమెకు అదే నయం. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఐకాల్ కూడా 2012 నుంచి ఫోనుతోపాటు ఈమెయిల్లో మాట్లాడుతది. కాని మన పిల్లకు రాత పనికిరాదు, మాటే కావాలె, మాటకు చోటు కావాలె.

వాళ్ళ అమ్మే చూసింది చోటు. సాయంత్రం పిల్లను మిద్దె మీదికి పంపింది. తాను చాటలో శనగలు పోసుకుని మిద్దె మెట్ల మీద నడిమధ్యన కూర్చుని ఏరుడు మొదలుపెట్టింది. చిన్నోడు పతంగి అని పైకి పోబోతే "శనగలు తొక్కుతవు, పో" అన్నది. అత్త ఆరేసిన బట్టలు తెస్తానంటే "నేను తెస్త వదినా, నువ్వు కూర్చో" అన్నది. నలభై నిముషాలు ఎవరినీ దాటనియ్యలేదు. ఏం మాట్లాడిందని బిడ్డను ఆ రోజూ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు.

అవతల ఎత్తినామె ఏం చెప్పిందో నాకు కూడా పూర్తిగా తెలియదు. పిల్ల నాకు చెప్పింది రెండే. తెలుగులో మాట్లాడుత అంటే తెలుగామెను కలిపిండ్రట. ఆమె మొదలు పేరు అడగలేదు, ఏమైందని అడగలేదు. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుగ ఉన్నదా అమ్మా? పక్కన ఎవరన్నా ఉన్నరా?" అని అడిగిందట. నేను ఎన్నడూ రాయని టెస్ట్ కేసు ఆమె మొదటి ప్రశ్న. ఇంకొకటి, పిల్ల మాటల్లోనే: "అక్కా, నేను రంది అన్న, బేజారు అన్న, ఒకటి రెండు కన్నడ మాటలు కూడా పడ్డయి. ఆమె ఒక్కసారి కూడా అంటే ఏంది అని అడగలేదు."

దానితో అంతా బాగైందని అనుకోకండి. ఆ ఫోను తరువాత ఇంకో మూడు సార్లు మెట్ల మీద శనగలు ఏరుడైంది. వాళ్ళు బీదర్‌లో డాక్టరుకు చూపించమన్నరు. వాళ్ళ నాయినే బస్సులో తీసుకుపోయిండు. జిల్లా ఆసుపత్రుల్లో మనసుకు డాక్టరు ఉండాలె అన్న పద్ధతిని దేశంలో మొదలు చేసి చూసింది మన రాష్ట్రంలోనే, 1980లలో బళ్ళారి జిల్లాలో, నిమ్హాన్స్ వాళ్ళు. బళ్ళారిలో మన తెలుగువాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. దాన్ని చూసే 1996లో దేశమంతటికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టిండ్రు. పిచ్చి డాక్టరు అని నోరు జారే పెద్దలు మన ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నరు, పేర్లు అవసరం లేదు, ఇది చదివేటప్పుడు వాళ్ళకే తెలుస్తది.

నీట్ కోచింగు వదిలేసింది. పీయూసీ చదువుతున్నది. ఇప్పుడు నిద్ర పడుతున్నదట. కొన్ని దినాలు మళ్ళీ రెండు ముద్దలే తింటది, అప్పుడు వాళ్ళ అమ్మ నాకు ఫోను చేసి "ఈరోజు రంది ఉన్నది" అంటది. ఆ మాట ఆమె బిడ్డ ముందరే అంటున్నది, దాపరికం లేకుండ. నాకు ఆ ఇంట్లో కనపడ్డ పెద్ద మార్పు అదే.

పిల్లలను హాస్టళ్ళలో వేసినోళ్ళకు ఒక పని చెప్త. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేండ్ల పిల్ల కేసు అది. బెంగాల్ నుంచి వచ్చిన పిల్ల, తండ్రి కోర్టుకు పోయిండు. వంద మంది, అంతకు మించి పిల్లలున్న చోట కౌన్సిలరు ఉండాలని, టెలీ మానస్ లాంటి నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని చెప్పింది. ఈసారి పిల్లను చూడ పోయినప్పుడు ఫీజు కౌంటరు దగ్గర నిలబడే బదులు గోడలు చూడండి. నంబరు లేకపోతే వార్డెన్‌ను అడగండి. పద్దెనిమిది నిండని పిల్లలకు 1098 కూడా ఉన్నది.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనోళ్ళకు: మీ దగ్గర 988, 2022 జూలై నుంచి ఉన్నది. రాసి మాట్లాడాలంటే ఇంగ్లీషు, స్పానిష్ మాత్రమే. ఫోను చేస్తే 240కి పైగా భాషలకు దుబాసీని కలుపుతరు. అక్కడ కూడా మనకు నోటి మాటకే దారి ఉన్నది. మీ పిల్లలు ఇంగ్లీషులోనే చెప్పుకుంటరు, వాళ్ళకు ఏ తిప్పలు లేదు. తెలుగు తప్ప ఏదీ రాని పెండ్లయి కొత్తగా వచ్చిన కోడండ్ల కోసం రాస్తున్న.

అన్నా, పట్టికలో రంది, మనాది రెండిటికీ అర్థం ఏమి రాయాలో నాకు ఇంకా తేలలేదు. కుంగుబాటు అని రాస్తే మన పిల్లలకు ఆ మాటే తెలియదు. ఖిన్నత అని కన్నడ పుస్తకంలో ఉంటది, దాన్ని ఇంట్లో ఎవరూ అనరు. ఆ రెండు మాటల ఎదురుగా ఖాళీగా వదిలేసిన, పెద్దమ్మను అడిగి నువ్వే నింపు.

ఇది మొత్తం రాసినంక ఆ పిల్లకు ఫోన్‌లో చదివి వినిపించిన, తెలుగు అక్షరం రాదు కాబట్టి. రెండు చోట్ల తీసేయమన్నది, తీసేసిన. ఇంకొక చోట ఆపింది. నేను మొదలు చాటలో కందిపప్పు అని రాసిన. "కందిపప్పు కాదక్కా, శనగలు. నేను పైనుంచి చూసిన" అన్నది. మార్చిన.